లక్కుని కూడా లెక్కలో రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్ మా ఇంటికి మా నాన్నగారి టైమ్ నుంచి వస్తోంది, బిజినెస్ పేజీ అయితే నేను లైను వదలకుండా చదువుతాను, కాబట్టి ఈ లెటర్ మీ మీద కోపంతో రాస్తున్నాననుకోవద్దు. ఈ మధ్య వారం వారం స్టార్టప్ సక్సెస్ స్టోరీలు వేస్తున్నారు కదా, ఫలానా ఫండ్ ఫలానా కంపెనీలో ఇంత పెట్టింది, పదేళ్లలో అది ఇన్ని వందల రెట్లయింది, ఆ ఇన్వెస్టర్‌ది ఎంత ముందుచూపో, ఆ కుర్రాడిది ఎంత పట్టుదలో అని. అవి చదివి మా ఆఫీసుకి పిల్లలొస్తారు, వాళ్ల వెనకాలే తల్లిదండ్రులొస్తారు. నేను హైదరాబాద్‌లో చార్టర్డ్ అకౌంటెంట్‌ని, కంపెనీ రిజిస్ట్రేషన్ దగ్గర్నుంచి ఫండింగ్ పేపర్లు, చివరికి కంపెనీ మూసేసే పేపర్ల దాకా అన్నీ మా టేబుల్ మీదే అవుతాయి. మీరు రాసేది డబ్బు వచ్చిన రోజు గురించి, నాకు కనపడేది ఆ తర్వాతి ఐదారేళ్లు. అందుకే రాయాలనిపించింది. వెంచర్ క్యాపిటల్‌లో, అంటే కొత్త కంపెనీల్లో వాటా తీసుకుని డబ్బు పెట్టే వ్యాపారంలో, గెలిచినవాళ్ల గెలుపులో లక్కు ఎంత, తెలివెంత అనేది మీ స్టోరీల్లో ఎక్కడా రావట్లేదు, అంతకన్నా ముఖ్యంగా ఆ లక్కు ఇన్వెస్టర్‌ని కాపాడినట్టు కంపెనీ పెట్టిన ఫౌండర్‌ని కాపాడదు అన్న సంగతి అసలు రావట్లేదు.

ఫ్లిప్‌కార్ట్‌నే తీసుకుందాం, మీ పేపర్లో ఎక్కువసార్లు వచ్చిన పేరు అదే కాబట్టి. 2007 అక్టోబర్‌లో బెంగళూరులో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ పుస్తకాలు అమ్మే వెబ్‌సైట్ పెట్టారు, వాళ్ల మొదటి ఆర్డర్ మన మహబూబ్‌నగర్ నుంచే వచ్చింది, వీళ్లెవరో కూడా తెలియని ఒకాయన ఏదో పుస్తకం కావాలని ఆర్డర్ పెడితే అది వీళ్ల దగ్గర లేక బెంగళూరు షాపుల్లో వెతికి పట్టుకుని పంపించారు. తర్వాత డబ్బు పెట్టడానికి యాక్సెల్ ఫండ్ వచ్చింది, టైగర్ గ్లోబల్ ఫండ్ వచ్చింది, 2018లో వాల్‌మార్ట్ 77 శాతం వాటాని 1,600 కోట్ల డాలర్లు పెట్టి కొంది. ఇందులో తెలివి లేదని నేను అనను. 2010లో క్యాష్ ఆన్ డెలివరీ పెట్టడం చాలా పెద్ద ఆలోచన, కార్డులున్నా ఆన్‌లైన్‌లో నంబర్ కొట్టాలంటే భయపడే జనం మనం, వస్తువు చేతికొచ్చాక డబ్బులివ్వండి అనేసరికి ఊళ్లకి ఊళ్లు కొనడం మొదలుపెట్టాయి. కానీ అమెజాన్ ఇండియాలో సైట్ తెరిచింది 2013 జూన్‌లో. ఆ ఐదారేళ్ల ఖాళీ బన్సల్స్ ప్లాన్ చేసుకున్నది కాదు, వాళ్లకి చెక్కులిచ్చినవాళ్లూ ప్లాన్ చేసింది కాదు, అమెజాన్ రెండేళ్ల ముందే దిగుంటే ఈ కథ ఎలా ఉండేదో ఎవరం చెప్పలేం.

దీని పక్కన పెట్టి చూడాల్సిన కథ ఇంకొకటుంది, అది మీ పేపర్లో నేనెప్పుడూ చూడలేదు. 1999లో, అంటే ఫ్లిప్‌కార్ట్ కన్నా ఎనిమిదేళ్ల ముందు, అదే బెంగళూరులో ఆరుగురు కలిసి ఫ్యాబ్‌మార్ట్ అని ఆన్‌లైన్ షాప్ పెట్టారు, కె. వైతీశ్వరన్, వి.ఎస్. సుధాకర్, హరి మీనన్ వాళ్లూ. ఐడియా దాదాపు అదే, ఊరు అదే, మనుషులు తక్కువవాళ్లేం కాదు. కానీ అప్పట్లో ఇంటర్నెట్ అంటే ఫోన్ లైన్ బిజీ పెట్టి మోడెమ్ కిర్రుకిర్రుమంటే కనెక్ట్ అయ్యేది, పేజీ తెరుచుకునేలోపు టీ తాగొచ్చేవాళ్లం, అందులో సామాను కొనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది చెప్పండి. అందుకని వాళ్లు ఫ్యాబ్‌మాల్ అని మామూలు సూపర్‌మార్కెట్లు కూడా తెరిచారు, అవి మన హైదరాబాద్ త్రినేత్ర సూపర్‌మార్కెట్లలో కలిశాయి, తర్వాత 2007లో ఆదిత్య బిర్లా గ్రూప్ తీసుకుంటే అవే మోర్ షాపులయ్యాయి, మన వీధి చివర ఉన్న మోర్‌కి ఇంత చరిత్ర ఉందని చాలామందికి తెలీదు. ఆన్‌లైన్ భాగాన్ని వైతీశ్వరన్ గారు ఇండియాప్లాజా పేరుతో నడిపించారు, 2013లో అది మూతపడింది. అప్పటికి ఫ్లిప్‌కార్ట్‌కి ఇన్వెస్టర్లు క్యూ కడుతున్నారు, దేశానికి ఆన్‌లైన్ షాపింగ్ నేర్పించినాయనకి మాత్రం జీతాలివ్వడానికి డబ్బు దొరకలేదు.

ఆ ఆరుగురిలో నలుగురు ఇంకొకాయనతో కలిసి 2011లో బిగ్‌బాస్కెట్ మొదలుపెట్టారు, 2021లో టాటా గ్రూప్ అందులో మెజారిటీ వాటా తీసుకుంది. అవే బుర్రలు, అదే సామాను ఇంటికి పంపే వ్యాపారం. 1999లో ఎదురుగాలి, 2011లో వెనకగాలి. మొదటిసారి తిన్న దెబ్బల్లో నేర్చుకున్నది వాళ్లకి కచ్చితంగా పనికొచ్చింది, కూరగాయలు ఎక్కడ కొనాలి, గోడౌన్ ఎలా నడపాలి అనేవి పుస్తకాల్లో దొరికేవి కాదు. కానీ ఫోన్లో ఇంటర్నెట్ రావడం, జనానికి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టడం అలవాటవడం వాళ్ల చేతిలో పని కాదు కదా. తెలివి, లక్కు రెండూ ఇంతలా పెనవేసుకుపోయాక ఏది ఎంత అని ఎవరైనా కచ్చితంగా చెప్తే నేను నమ్మను.

ఇది మన దేశం సంగతే అనుకోవద్దు. హార్వర్డ్‌లో పాల్ గాంపర్స్, జాష్ లెర్నర్ వాళ్లు 2008లో ఒక రీసెర్చ్ పేపర్ వేశారు, అందులో ఒక అంకె నాకు బాగా గుర్తుండిపోయింది. అమెరికాలో 1983లో పెట్టిన కంప్యూటర్ స్టార్టప్‌ల్లో 52 శాతం తర్వాత స్టాక్ మార్కెట్‌కి ఎక్కాయి, రెండేళ్ల తర్వాత 1985లో పెట్టినవాటిల్లో 18 శాతమే ఎక్కాయి. రెండేళ్లలో అమెరికా ఇంజనీర్ల తెలివి మూడో వంతుకి పడిపోయిందా? సంవత్సరం మారింది అంతే. సరైన సంవత్సరాన్ని పసిగట్టడం కూడా ఒక తెలివేనని ఆ ప్రొఫెసర్లు వాదిస్తారు, అందులో కొంత నిజం ఉందనే ఒప్పుకుంటాను, ఎందుకంటే ఒకసారి గెలిచిన ఫౌండర్ మళ్లీ గెలిచే అవకాశం 30 శాతం అని, మొదటిసారి పెట్టేవాళ్లకి 18 శాతమే అని వాళ్ల లెక్కలోనే తేలింది. కానీ అదే పేపర్లో ఇంకో అంకె ఉంది, ఒకసారి ఓడిపోయినవాళ్లకి రెండోసారి ఛాన్స్ 20 శాతం, అంటే కొత్తవాడికీ దెబ్బతిన్నవాడికీ పెద్ద తేడా లేదు. ఓటమే గురువు అని మీ ఇంటర్వ్యూల్లో ప్రతివాళ్లూ అంటుంటారు కదా, ఈ లెక్క దాన్ని పెద్దగా బలపరచట్లేదు. బిగ్‌బాస్కెట్ లాంటివాళ్లు ఉన్నారు, కానీ తక్కువ.

ఇప్పుడు డబ్బు పెట్టేవాళ్ల వైపు చూద్దాం. కోరిలేషన్ వెంచర్స్ అనే అమెరికా ఫండ్ 2004 నుంచి 2013 దాకా జరిగిన ఇరవై ఒక్క వేల పైచిలుకు ఫండింగ్‌లు తీసి లెక్కేస్తే దాదాపు 65 శాతంలో పెట్టిన డబ్బు కూడా పూర్తిగా వెనక్కి రాలేదు, పది రెట్లో అంతకన్నా ఎక్కువో వచ్చినవి 4 శాతం. 4 అంటే నూటికి నాలుగు. మీ పేపర్లో వచ్చే స్టోరీలన్నీ ఆ నాలుగులోవే. మిగతా తొంభై ఆరు గురించి ఎవరూ రాయరు కాబట్టి చదివేవాడికి ఆ నాలుగే లోకం అనిపిస్తుంది. కాఫ్‌మన్ ఫౌండేషన్ అని అమెరికాలో పెద్ద ట్రస్ట్ ఒకటుంది, వాళ్లు ఇరవై ఏళ్లలో తాము డబ్బు పెట్టిన దాదాపు వంద వెంచర్ ఫండ్ల లెక్కలు 2012లో బయటపెట్టారు, ఫీజులు పోగా అందులో 62 ఫండ్లు మామూలు స్టాక్ మార్కెట్ కన్నా ఎక్కువేం సంపాదించలేదు. కంపెనీలు ఎంచుకోవడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ల పరిస్థితి ఇది.

వాళ్ల తెలివిని తక్కువ చెయ్యాలని కాదు, కానీ ఈ వృత్తిలో ఎంత పెద్దవాళ్లయినా ఎలా పొరబడతారో చూడాలంటే బెస్సెమర్ వెంచర్ పార్ట్‌నర్స్ వెబ్‌సైట్ తెరవండి. చాలా పాత, చాలా పేరున్న సంస్థ, వాళ్లు చేజార్చుకున్న కంపెనీల లిస్టు వాళ్లే పెట్టుకున్నారు, ఇంత నిజాయితీ ఈ రంగంలో నేను ఇంకెక్కడా చూడలేదు. వాళ్ల పార్ట్‌నర్ డేవిడ్ కోవన్ కాలేజీ ఫ్రెండ్ ఒకామె తన ఇంటి గ్యారేజ్‌ని ఇద్దరు స్టాన్‌ఫర్డ్ కుర్రాళ్లకి అద్దెకిచ్చింది, వాళ్లు సెర్చ్ ఇంజిన్ రాస్తున్నారు, ఒక్కసారి కలువు అంటే ఆయన ఆ గ్యారేజ్ వైపు వెళ్లకుండా ఇంట్లోంచి బయటపడే దారేదని అడిగాడట. ఆ కుర్రాళ్లు సెర్గీ బ్రిన్, లారీ పేజ్. గూగుల్ అలా తలుపు పక్కనే ఉండి పోయింది. కొరియర్ కంపెనీ ఫెడెక్స్‌ని అయితే ఏడుసార్లు వద్దన్నారు. అయినా బెస్సెమర్ ఇప్పటికీ మొదటి వరసలోనే ఉంది. ఇన్వెస్టర్ ఎన్ని వదిలేసుకున్నా ఫర్వాలేదు, ఎన్నింటిలో మునిగినా ఫర్వాలేదు, పదేళ్లకొకటి తగిలితే చాలు.

నాస్పర్స్ కథ దీనికి ఇంకా మంచి ఉదాహరణ, మీకు ఆసక్తిగా కూడా ఉంటుంది, ఎందుకంటే అది దక్షిణాఫ్రికాలో 1915లో న్యూస్‌పేపర్ వెయ్యడం కోసం పెట్టిన కంపెనీ. వాళ్లు చైనా వెళ్లి ఇంటర్నెట్ వ్యాపారాల్లో చేతులు కాల్చుకున్నాక 2001లో టెన్సెంట్ అనే అక్కడి చిన్న ఇంటర్నెట్ కంపెనీలో 46.5 శాతం వాటా 3.2 కోట్ల డాలర్లకి కొన్నారు. 2018లో అందులోంచి జస్ట్ 2 శాతం అమ్మితే దాదాపు 980 కోట్ల డాలర్లు వచ్చాయి. ఇంకోపక్క ఇదే గ్రూపులోని ప్రోసస్ అనే కంపెనీ ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే మన బైజూస్‌లో దాదాపు 50 కోట్ల డాలర్లు పెట్టింది. 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ కట్టిన బైజూస్ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, ప్రోసస్ ఆ వాటా విలువ సున్నా అని పుస్తకాల్లో రాసేసుకుంది. సున్నా రాసుకుని వాళ్లు పని కొనసాగించారు, టెన్సెంట్ ఉంది కాబట్టి. జీతాలు ఆగిపోయిన టీచర్లకి, సేల్స్ పిల్లలకి, ఫీజు రీఫండ్ కోసం తిరిగిన తల్లిదండ్రులకి ఏ టెన్సెంట్ ఉంది?

జపాన్ పెట్టుబడి సంస్థ సాఫ్ట్‌బ్యాంక్ అధిపతి మసయోషి సన్ గురించి కూడా చెప్పాలి, మీ పేపర్లో ఆయన్ని ఒక జ్ఞానిలా రాశారు. 2000లో జాక్ మాతో కొద్ది నిమిషాలు మాట్లాడి ఆయన చైనాలో పెట్టిన ఆన్‌లైన్ వ్యాపార కంపెనీ అలీబాబాలో 2 కోట్ల డాలర్లు పెట్టాడు, అతని కళ్లలో మెరుపు చూసి నిర్ణయించుకున్నానని తర్వాత చాలా చోట్ల చెప్పాడు, 2014లో అలీబాబా లిస్ట్ అయ్యేసరికి ఆ వాటా విలువ 6,000 కోట్ల డాలర్లు దాటింది. సరే, గొప్ప చూపే అనుకుందాం. అదే మనిషి, అదే పద్ధతి, ఆఫీసు చోటు అద్దెకిచ్చే వీవర్క్ కంపెనీ ఫౌండర్ ఆడమ్ న్యూమన్‌తో కొద్ది నిమిషాలు ఆఫీసు తిరిగి చూసి 2017లో 440 కోట్ల డాలర్లు పెట్టడానికి ఒప్పుకున్నాడు, ఆ తర్వాత ఇంకా పెట్టాడు, 2019 మొదట్లో 4,700 కోట్ల డాలర్ల విలువన్న కంపెనీ 2023 నవంబర్‌లో దివాలా పిటిషన్ వేసింది. అలీబాబా వచ్చినప్పుడు ఆ కళ్లని దివ్యదృష్టి అన్నాం, వీవర్క్ పోయినప్పుడు తొందరపాటు అన్నాం, చూసిన కళ్లు మాత్రం అవే. ఫలితాన్ని బట్టి మనం తెలివి అని పేరు పెడుతున్నాం, ఇక్కడే మీలాంటి పెద్ద పేపర్ జాగ్రత్తగా ఉండాలని నా మనవి.

మరి కొన్ని ఫండ్లు తరాల తరబడి మంచి లాభాలు తెస్తూనే ఉన్నాయి కదా, అది తెలివి కాదా అని అడుగుతారు. చాలా మంచి ప్రశ్న, నేనూ చాలాకాలం దీని గురించి ఆలోచించాను. రమణ నందా, సాంప్సా సమిలా, ఓలావ్ సోరెన్సన్ అని ముగ్గురు దీని మీద పని చేసి 2020లో పేపర్ ప్రచురించారు. ఒక ఫండ్ మొదటి పది పెట్టుబడుల్లో ఒక్కటి ఎక్కువ స్టాక్ మార్కెట్‌కి ఎక్కినా, ఆ తర్వాత వాళ్లు పెట్టేవాటిల్లో అలా ఎక్కే రేటు 8 శాతం దాకా పెరుగుతోంది. ఎందుకని తవ్వితే వాళ్లు కంపెనీలు ఎంచడంలో మిగతావాళ్లకన్నా గొప్ప అని తేలలేదు. మొదట్లో సరైన టైమ్‌లో సరైన చోట ఉన్నారు, ఒక గెలుపొచ్చింది, పేరొచ్చింది, పేరు చూసి మంచి ఫౌండర్లంతా ముందు వాళ్ల తలుపే కొట్టారు, పెద్ద ఫండ్లు వాళ్లని తమ పక్కన కూర్చోబెట్టుకున్నాయి. మొదటి లక్కు తర్వాతి గెలుపులకి దారి వేసింది. ఆ తేడా కూడా నెమ్మదిగా తగ్గిపోతూ వస్తుందని వాళ్లే చెప్పారు. మా ఆఫీసు నుంచి చూస్తే ఇది వంద శాతం కరెక్ట్ అనిపిస్తుంది, ఒక పేరున్న ఫండ్ టర్మ్ షీట్, అంటే ఏ షరతుల మీద డబ్బు పెడతామో రాసిన కాగితం, ఇచ్చిందంటే చాలు, అంతకుముందు మెయిల్‌కి రిప్లై ఇవ్వనివాళ్లు నలుగురు మా వాటా ఏదని ఫోన్ చేస్తారు, కంపెనీలో మారింది ఏమీ ఉండదు, అదే ప్రోడక్ట్, అదే అమ్మకాలు.

నేను అనంతపురం జిల్లావాణ్ణి. మా వైపు బోర్ల సంగతి మీకు తెలిసిందే. నీళ్లు చూసేవాళ్లు ఉంటారు, జియాలజిస్టులూ వస్తారు, వాళ్లకి ఏమీ తెలీదని కాదు, రాయి ఎక్కడ ఎలా ఉంటుందో తెలిసినవాడు చెప్తే ఛాన్స్ కొంచెం పెరుగుతుంది. కానీ ముప్పై బోర్లు వేసే స్తోమత ఉన్నవాడికి రెండింట్లో నీళ్లు పడినా తోట పచ్చగా ఉంటుంది, అందరూ ఆయన చేతి వాటం గొప్పది అంటారు. ఒక్క బోరుకి అప్పు తెచ్చినవాడు అదే జియాలజిస్టుని తెచ్చుకున్నా, అదే మిషన్ పిలిచినా, నాలుగొందల అడుగుల్లో దుమ్ము లేస్తే అయిపోయాడు. వెంచర్ ఫండ్‌కీ ఫౌండర్‌కీ మధ్య ఉన్న తేడా సరిగ్గా ఇదే సార్. ఇన్వెస్టర్ అసలైన తెలివి సరైన కంపెనీని పసిగట్టడంలో కన్నా ఇక్కడే ఎక్కువుంది, ఒక ఫండ్‌ని ఇరవై ముప్పై కంపెనీలకి పంచడం, కొంత డబ్బు దాచిపెట్టి పరిగెత్తే గుర్రానికి మళ్లీ పెట్టడం, పడిపోయేదాన్ని టైమ్‌కి వదిలెయ్యడం. పైగా ఆ డబ్బులో ఎక్కువ భాగం వేరేవాళ్లది, ఏటా 2 శాతం దాకా ఫీజు గెలిచినా ఓడినా వస్తుంది, 500 కోట్ల ఫండ్ అంటే ఏడాదికి 10 కోట్లు. ఫౌండర్‌కి ఉన్నది ఒక్క కంపెనీ, తన వయసులో ఏడెనిమిదేళ్లు.

ఇంకా కిందకి దిగి చెప్తాను, ఇది పేపర్లలో అస్సలు రాదు. మా క్లయింట్ కంపెనీ ఒకటి, పేరు చెప్పను, అంకెలు కూడా గుర్తుపట్టకుండా కాస్త మార్చి చెప్తున్నాను. ఇన్వెస్టర్లు 10 కోట్లు పెట్టి 25 శాతం తీసుకున్నారు, మామూలు షేర్లు కాదు, మన దగ్గర ఎక్కువగా తీసుకునే కన్వర్టబుల్ ప్రిఫరెన్స్ షేర్లు, అంటే డబ్బు పంచేటప్పుడు మిగతావాళ్లకన్నా ముందు హక్కుండి, తర్వాత మామూలు షేర్లుగా మార్చుకోగలిగేవి. కంపెనీ అమ్ముడుపోతే ముందు వాళ్ల 10 కోట్లు వాళ్లకి, ఆ తర్వాత మిగిలినదాంట్లో కూడా వాళ్ల 25 శాతం వాళ్లకి అని అగ్రిమెంట్లో ఒక క్లాజ్. సంతకం పెట్టే రోజు మేము ఆ క్లాజ్ కింద గీత గీసి చూపించాం, కుర్రాళ్లు సార్ మనం వంద కోట్లకి తక్కువ అమ్మం కదా అన్నారు. కొన్నేళ్ల తర్వాత కంపెనీ 14 కోట్లకి అమ్ముడుపోయింది. బయట న్యూస్ ఏమొచ్చింది, హైదరాబాద్ స్టార్టప్ 14 కోట్లకి అమ్మకం అని, చుట్టాలంతా ఫోన్లు చేసి పార్టీ అడిగారు. లెక్కేమో ఇది: ఇన్వెస్టర్లకి ముందు 10 కోట్లు, మిగిలిన 4 కోట్లలో పావు వంతు కోటి, మొత్తం 11. ఉన్న 3 కోట్లలో ఉద్యోగులకి ఇస్తామన్న షేర్లు, అంటే ఈసాప్‌లు పోను, జీఎస్టీ బాకీలు, వెండర్ల బాకీలకి వ్యక్తిగతంగా ఇచ్చిన గ్యారంటీలు తీర్చగా ఇద్దరు ఫౌండర్లకి మిగిలింది, వాళ్లు మానేసిన ఉద్యోగంలో రెండేళ్ల జీతం కూడా కాదు. అందులో ఒకబ్బాయి నాన్నగారు మొదట్లో కంపెనీకని ఊళ్లో ఎకరం పొలం అమ్మి ఇచ్చారు, మా ఆఫీసులో ఆ లెక్క కాగితం రెండుసార్లు తిరగేసి చూసుకుని, మరి 14 కోట్లన్నారు కదా బాబూ అని నన్ను అడిగారు. ఆయనకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆ పిల్లలు తెలివితక్కువవాళ్లు కాదు, రాత్రింబవళ్లు పని చేశారు, మోసం చెయ్యలేదు, వాళ్లు ఆధారపడ్డ ఒక పెద్ద కస్టమర్ కోవిడ్‌లో ఆర్డర్లు ఆపేశాడు, అంతే జరిగింది. ఆ ఇన్వెస్టర్లకి కూడా నష్టం రాలేదు, పెట్టింది పెట్టినట్టు తెచ్చుకుని ఇంకో కంపెనీ మీదకి వెళ్లారు, అదీ న్యాయమే, అగ్రిమెంట్ ప్రకారమే.

ఇదంతా చదివి నేను స్టార్టప్‌లు వద్దంటున్నాననుకోకండి. రెడ్‌బస్ ఫణీంద్ర సామ కథ నాకు చాలా ఇష్టం. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి ఆయనకి బస్ టికెట్ దొరకలేదు. ఆ రోజు టికెట్ దొరకనివాళ్లు బెంగళూరులో ఎన్ని వేలమంది ఉండుంటారు, మన తెలుగువాళ్లే ఎంతమంది ఉండుంటారు, వాళ్లంతా తిట్టుకుని రూమ్‌కి వెళ్లి పడుకున్నారు. ఈయన మాత్రం బిట్స్ ఫ్రెండ్స్‌తో కలిసి ట్రావెల్స్ ఆఫీసుల చుట్టూ తిరిగి, ఏ బస్సులో ఎన్ని సీట్లున్నాయో ఏ ఏజెంట్‌కీ పూర్తిగా తెలీదన్న అసలు రోగాన్ని పట్టుకున్నారు, 2006లో కంపెనీ పెట్టారు, 2007లో సీడ్‌ఫండ్ అనే వెంచర్ సంస్థ డబ్బు పెట్టింది, 2013లో ఐబిబో గ్రూప్ కొనుక్కుంది. టికెట్ దొరక్కపోవడం లక్కు, ఆ తర్వాత చేసింది పని. ఇలా విడదీసి రాస్తే చదివే కుర్రాడికి ఏది తన చేతిలో ఉందో, ఏది లేదో తెలుస్తుంది. కొత్త కంపెనీలకి చోటూ సాయమూ ఇచ్చే హైదరాబాద్ టీ-హబ్ లాంటివి ప్రభుత్వం పెట్టడం కూడా నాకు ఈ కోణంలోనే నచ్చుతుంది, ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన పిల్లాడికి సరైన మనిషి ఎదురుపడే ఛాన్స్ అక్కడ పెరుగుతుంది, అమీర్‌పేట హాస్టల్ గదిలో కూర్చుంటే పెరగదు. లక్కు తగిలే చోటికి పిల్లల్ని చేర్చడం ప్రభుత్వం చెయ్యగలిగిన పని.

ఇంకో మాట, అమెరికాలో ఉన్న మనవాళ్లకి. మీ ఈ-పేపర్ వాళ్లే ఎక్కువ చదువుతారు కాబట్టి ఇక్కడే రాస్తున్నా. బావమరిదో స్నేహితుడి తమ్ముడో కంపెనీ పెట్టాడని దాచుకున్నదంతా ఒకే చెక్కుగా రాసేసి ఏంజెల్ ఇన్వెస్టర్‌ని, అంటే సొంత డబ్బు కొత్త కంపెనీల్లో పెట్టేవాణ్ణి, అయ్యాననుకుంటున్నారు చాలామంది. వెంచర్ ఫండ్‌ని బతికిస్తున్న ఆ ఒక్క తెలివి, డబ్బుని చాలా కంపెనీలకి పంచడం, అదే వీళ్లు చెయ్యట్లేదు. సాయం చెయ్యాలనుకుంటే సాయం అని చెప్పి ఇవ్వండి, వెనక్కి రాకపోయినా ఇంట్లో గొడవ ఉండదు. పెట్టుబడి అనుకుంటే మాత్రం ఒకే కంపెనీలో అంతా పెట్టకండి.

మీ పేపర్‌ని నేను అడిగేది పెద్దదేం కాదు. ఫండింగ్ వార్త వేసినప్పుడు ఆ ఫండ్ అదే ఏడాది ఇంకెన్నింట్లో పెట్టింది, ఐదేళ్ల కిందట పెట్టినవాటిల్లో ఇప్పుడెన్ని మిగిలున్నాయి అని రెండు లైన్లు అడిగి వెయ్యండి, వాళ్లు చెప్పకపోతే చెప్పలేదని వెయ్యండి. కంపెనీ అమ్ముడుపోయిందని రాసినప్పుడు ఎంతకి అన్నదాంతో ఆపకుండా ఫౌండర్లకి, ఉద్యోగులకి ఎంత చేరింది అని కూడా అడగండి. సక్సెస్ స్టోరీ ఇంటర్వ్యూల్లో మీకు కలిసొచ్చింది ఏంటి అని ఒక్క ప్రశ్న పెట్టండి, చాలామంది నిజాయితీగానే చెప్తారు, నేను చూసినంతలో నిజంగా గెలిచినవాళ్లు లక్కు గురించి మాట్లాడ్డానికి సిగ్గుపడరు, మనమే అడగం. అలాగే మూసేసిన కంపెనీల ఫౌండర్ల కథలు నెలకొకటైనా వెయ్యండి. నా క్లయింట్లలో ముగ్గురు నలుగురు మాట్లాడ్డానికి ఒప్పుకున్నారు, ఇద్దరు పేరు, ఫోటో కూడా వేసుకోమన్నారు, మిగతావాళ్లు పేరు లేకుండా అయితే సరే అన్నారు. వాళ్లని అడిగే మీకు రాస్తున్నాను, మీ బిజినెస్ డెస్క్ నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే నంబర్లు ఇస్తాను, టర్మ్ షీట్లో ఏ క్లాజ్‌కి ఏ అర్థమో తల్లిదండ్రులకి కూడా అర్థమయ్యేలా రాసివ్వమంటే అదీ రాసిస్తాను, దానికి డబ్బులేం అక్కర్లేదు.

ఇట్లు
మీ పాత పాఠకుడు, ఒక చార్టర్డ్ అకౌంటెంట్
హైదరాబాద్